అడిగే తీరు మారితే పేదోళ్ల లెక్క మారుతది

నిన్న రాత్రి ఏం కూర తిన్నరంటే ఎవరైనా ఠక్కున చెప్తరు. పోయిన వారం టమాటలు ఎన్ని కిలోలు తెచ్చిన్రంటే జర ఆలోచించి చెప్తరు. పోయిన ముప్పై రోజుల్ల పచ్చిమిరపకాయలు ఎన్ని గ్రాములు తిన్నరు, వాటికి ఎన్ని పైసలు పెట్టిన్రు అనడిగితే మాత్రం నోటికొచ్చిన అంకె ఒకటి చెప్తరు. తప్పు వాళ్లది కాదు. మిరపకాయల లెక్క ఎవరు రాసి పెట్టుకుంటరు? అయితే దేశంల పేదోళ్లు ఎంతమంది, ధరలు ఎంత పెరిగినయి, ఏ రాష్ట్రానికి రేషన్ బియ్యం ఎంత రావాలె అనే లెక్కలన్నీ చివరికి ఇసొంటి జవాబుల మీదనే నిలబడి ఉన్నయి.

కేంద్ర గణాంక శాఖ చేసే ఈ లెక్కకు పేరు గృహ వినియోగ వ్యయ సర్వే. 2023 ఆగస్టు నుంచి 2024 జులై దాక దేశమంతట 2,61,953 ఇండ్లు తిరిగిన్రు. దాని ప్రకారం తెలంగాణ ఊర్లల్ల ఒక్కో మనిషి ఖర్చు నెలకు సగటున రూ.5,435, పట్నాలల్ల రూ.8,978. ఆంధ్రప్రదేశ్​ల ఊర్లల్ల రూ.5,327, పట్నాలల్ల రూ.7,182. దేశం సగటు ఊర్లల్ల రూ.4,122, పట్నాలల్ల రూ.6,996. అంటే మన ఊర్లె నలుగురున్న ఇంటికి నెలకు రూ.21,740 అన్నట్టు.

ఈ అంకె వినంగనే కూలికి పోయేటోళ్లు 'మా ఇంట్ల అంత ఖర్చు ఏడిది' అంటరు. ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు బడికి తోలేటోళ్లు 'గింతేనా' అంటరు. ఇద్దరి మాటల న్యాయం ఉంది. సగటు అంటేనే అట్లుంటది. కానీ నేను చెప్పదలుచుకున్నది సగటు గురించి కాదు. ఆ అంకె ఎట్ల పుట్టింది అనే ముచ్చట.

ఏది ఖర్చు, ఏది కాదు

సర్వే భాషల వినియోగం అంటే దుకాణంల పైసలిచ్చి కొన్నది ఒక్కటే కాదు. సొంత చేన్ల పండిన బియ్యం, కందులు, పెరట్ల బీరకాయలు, ఇంటి బర్రె పాలు తాగినా ఖర్చు కిందనే రాస్తరు. ఇంట్ల పండినదానికి దుకాణం ధర కాకుండ చేను కాడి ధర కడ్తరు. అప్పు కిస్తీ, మిత్తి, చిట్టి పైసలు, జాగ కొన్న పైసలు ఇందుల రావు. సొంతింట్ల ఉండేటోళ్లకు కిరాయి కట్టినట్టు లెక్క గట్టరు. పెండ్లిల వెయ్యి మంది తిన్నా అది తిన్నోళ్ల లెక్కల కాదు, పెట్టినోళ్ల లెక్కల పడ్తది. ఇది మొదటి నుంచి ఉన్న పద్ధతి, ఒకే బువ్వను రెండుసార్లు లెక్కించకుండ పెట్టుకున్నరు.

ఇందుల మనసుకు ఎక్కని ముచ్చట ఒకటుంది. సర్కారు దవాఖాన్ల ఉచితంగ ఆపరేషన్ చేయించుకున్న ఇంటికి దాని విలువ ఖర్చుల చేరదు. అదే ఆపరేషన్​కు బంగారం కుదువబెట్టి ప్రైవేటు ఆస్పత్రిల రెండు లక్షలు కట్టిన ఇంటికి ఆ ఏడాది 'వినియోగం' పెరిగినట్టు వస్తది. ఫీజుల కాడ కూడ అంతే. ఇల్లు గుల్లయినా సర్వేల మాత్రం బాగుపడ్డట్టే కనపడ్తది. ఖర్చు పెరిగిందనంగనే బతుకు మెరుగైందని సంబురపడేటోళ్లు ఇది సోయిల పెట్టుకోవాలె.

ఏడు రోజులా, ముప్పై రోజులా?

ఇగ అసలు లొల్లి. ఎన్ని రోజుల ఖర్చు అడగాలె?

జాతీయ నమూనా సర్వే మన దేశంల 1950ల మొదలైంది. దానికి పునాది వేసింది ప్రశాంత చంద్ర మహలనోబిస్. వారం రోజుల లెక్క అడిగితే ఒక అంకె, నెల రోజుల లెక్క అడిగితే ఇంకో అంకె వస్తున్నదని వాళ్లకు అప్పుడే తెలిసింది. వారం లెక్క అడిగినప్పుడు ఖర్చు ఎక్కువ వచ్చేది. ఏది నిజమో తేల్చుకునేందుకు బెంగాల్ ఊర్లల్ల ఇండ్లల్ల తిండి తూకమేసి చూసిన్రు. నెల రోజుల లెక్కనే అసలుకు దగ్గర ఉందని తేలింది. దాంతోటి కొన్ని దశాబ్దాలు ముప్పై రోజుల ప్రశ్ననే నడిచింది.

ఎందుకిట్ల అయితది? మనిషి మతికి రెండు జబ్బులున్నయి. ఒకటి మరుపు. రోజులు గడిచినకొద్ది చిన్నచిన్న కొనుగోళ్లు యాదికి రావు, అందుకే నెల లెక్కల ఖర్చు తగ్గుతది. రెండోది దీనికి ఉల్టా. పోయిన వారం అని అడిగితే పదో రోజు వండిన చికెన్​ను కూడ మొన్ననే తిన్నట్టు అనుకుని చెప్తరు. అప్పుడు ఖర్చు పెరుగుతది. బియ్యం, పప్పు, ఉప్పు, చక్కెర నెలకోసారి తెచ్చుకునే ఇండ్లల్ల నెల లెక్కనే నయం. కూరగాయలు, పండ్లు, గుడ్లు, మాంసం, చాయ్, బీడీలు రోజువారీ వ్యవహారం కాబట్టి వారం లెక్క నయం. బట్టలు, చెప్పులు, ఫీజులు, పెద్ద సామాన్లు ఏడాదికోసారి కొనేటివి కాబట్టి 365 రోజుల లెక్క అడగాలె. ఇప్పుడు మన సర్వేల నడుస్తున్నది ఈ మూడు కలిపిన పద్ధతే.

ఈ పద్ధతితోటి అంకె ఎంత మారుతదో చూడాలంటే 2011-12 సర్వే మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఒకే దేశంల, అదే కాలంల తీరుతీరుగ అడిగిన్రు. అన్నిటికి ముప్పై రోజుల లెక్క అడిగితే ఊర్లల్ల ఒక్కో మనిషి నెల ఖర్చు రూ.1,279 వచ్చింది. బట్టల వంటి కొన్నిటికి మాత్రం ఏడాది లెక్క పెడితే రూ.1,287. వారం, నెల, ఏడాది మూడూ కలిపితే రూ.1,430. పట్నాలల్ల ఇవే అంకెలు రూ.2,399, రూ.2,477, రూ.2,630. ఊర్లల్ల మొదటి దానికీ చివరి దానికీ తేడా రూ.151. ఎవరి కూలి పెరగలేదు, ఎవరి పంట పెరగలేదు. ప్రశ్న మారింది, అంతే.

నూటయాభై రూపాయలే కదా అనిపిస్తది. అయితే పేదరికపు గీతకు పైన ఇంత, కింద ఇంత దూరంల కోట్లమంది నిలబడి ఉంటరు. టెండూల్కర్ కమిటీ పద్ధతిల 2011-12కు ఊర్లల్ల గీత నెలకు రూ.816. ఆ గీత ప్రకారం దేశంల పేదోళ్లు 21.9 శాతం. రంగరాజన్ కమిటీ మూడు రకాల లెక్క తీసుకుని, గీతను కూడ రూ.972కు పెంచి, 29.5 శాతం అన్నది. ఒకే ఏడాదికి రెండు జవాబులు.

ఒకే కాగితం మీద రెండు గడులు

ఈ ముచ్చటల అన్నిటికన్న పెద్ద కథ 1999-2000 సర్వేది. అంతకుముందు నాలుగైదేండ్లు ప్రయోగం చేసిన్రు. కొన్ని ఇండ్లను పాత పద్ధతిల నెల లెక్క, ఇంకొన్ని ఇండ్లను కొత్త పద్ధతిల వారం లెక్క అడిగిన్రు. కొత్త పద్ధతిల పేదోళ్ల శాతం దాదాపు సగానికి పడిపోయింది. కోట్లమంది ఒక్క ప్రశ్న మారినందుకే గీత దాటిన్రు.

1999ల ఇగ రాజీ మార్గం అని ఒక పని చేసిన్రు. ఒకే కాగితం మీద తిండి సరుకులకు పక్కపక్కన రెండు గడులు పెట్టిన్రు. ఒకటి పోయిన ఏడు రోజులది, ఒకటి పోయిన ముప్పై రోజులది. చూస్తే మంచిగనే ఉంది. అయితే ఇంటామె ముందుగాల 'వారంల అరకిలో నూనె' అన్నదనుకోండి. వెంటనే 'నెలల ఎంత' అని అడిగితే ఏం చెప్తది? నాలుగుతోటి గుణించి రెండు కిలోలు అంటది. రాసేటాయన కూడ రెండు గడులు పొంతన లేకుంటే పైసారు అడుగుతడని సరిచేస్తడు. అట్ల వారం లెక్క పోయి నెల లెక్కను పైకి గుంజింది. బట్టల కాడ ఇంకో మార్పు జరిగింది. నెల లెక్క అడిగితే పేదింట్ల బట్టల ఖర్చు చాలాసార్లు సున్న, ఎందుకంటే వాళ్లు కొనేదే పండుగకు. ఏడాది లెక్క అడిగితే ఎంతో కొంత వస్తది. కింది వర్గం ఖర్చు అట్ల కూడ పెరిగింది.

1993-94ల 36 శాతం ఉన్న పేదరికం 1999-2000ల 26.1 శాతానికి తగ్గిందని లెక్క వచ్చింది. ఆర్థిక సంస్కరణల పుణ్యమే అని ఒకరు, అంతా కాగితం మాయ అని ఇంకొకరు ఏండ్లతరబడి కొట్లాడిన్రు. అభిజిత్ సేన్, తర్వాత నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ అసొంటి పెద్దలు ఆ అంకెలను మళ్ల విప్పి లెక్క గట్టిన్రు. పేదరికం తగ్గిందా అంటే తగ్గింది. ఎంత తగ్గిందనే కాడ ఎవరి లెక్క వాళ్లదే అయింది. పాత పద్ధతిల వేరే కొన్ని ఇండ్లను అడిగి పక్కన పెట్టుకుని ఉంటే ఈ పంచాయితీ ఉండకపోవు.

ఎవర్ని అడుగుతున్నరు?

రోజుల లెక్క ఎంత ముఖ్యమో జవాబు చెప్పేది ఎవరనేది కూడ అంతే ముఖ్యం. టాంజానియాల 2007-08ల దాదాపు 4,000 ఇండ్లను ఎనిమిది గుంపులు చేసి ఒక్కో గుంపును ఒక్కో తీరుగ అడిగిన్రు. ఒక కాడ ఇంటికి ఒకరినే ప్రశ్నలడిగిన్రు. ఇంకో కాడ ఇంటికంత ఒకే డైరీ ఇచ్చిన్రు. మరో కాడ ఇంట్ల పెద్దోళ్లందరికీ ఎవరి డైరీ వాళ్లకిచ్చి, రోజువిడిచి రోజు పోయి చూసుకున్నరు. ఎవరి డైరీ వాళ్లు రాసుకున్న కాడ ఖర్చు ఎక్కువ వచ్చింది. బయట తిన్నది, తాగినది ఇంట్లోళ్లకు తెల్వదు కాబట్టి.

మన ఇండ్లల్ల ఇది కొత్తగ చెప్పాల్నా? సర్వే మేడం పొద్దున పదకొండు గంటలకు వస్తది. ఇంటాయన పనికి పోయి ఉంటడు. ఇంటామె బియ్యం, నూనె, గ్యాస్ లెక్క మంచిగనే చెప్తది. ఆయన అడ్డా కాడ తాగిన చాయ్, తిన్న మిర్చి బజ్జీ, పొద్దుగూకినంక కల్లు కాంపౌండ్​ల పెట్టిన పైసలు ఆమెకేం ఎరుక? ఎరుకున్నా మందు పైసల ముచ్చట బయటోళ్లకు చెప్తదా? కాలేజీ పోరగాడు ఫోన్​ల ఆర్డర్ పెట్టుకున్న బిర్యానీ అమ్మకు తెల్వదు. బయట తినుడు ఎంత పెరిగితే ఒకరిని అడిగి రాసుకునే లెక్కల అంత బొక్క పడ్తది. ఇదే సర్వేను మగోళ్లను అడిగి చేస్తే వంటింటి లెక్క తప్పుతది. ఇద్దరిని కూసోబెట్టి అడిగే ఓపిక, టైము ఉండాలె.

ఓపిక ముచ్చట చిన్నదేం కాదు. ఇదివరకు ఒక్కసారే పోయి మూడు వందలకు పైగ సరుకుల గురించి అడిగేది. గంట దాటినంక ఎవరైనా 'లేదు, కొనలేదు' అని తప్పించుకుంటరు. 2022-23 నుంచి ఈ తీరు మార్చిన్రు. ఒక్కో ఇంటికి మూడు నెలల్ల మూడుసార్లు పోతున్నరు. ఒకసారి తిండి, ఒకసారి సబ్బులు, కరెంటు, వైద్యం, చదువు అసొంటివి, ఒకసారి పెద్ద సామాన్లు. కాగితాల కాడ ట్యాబ్​లు వచ్చినయి. సరుకుల పట్టిక 347 నుంచి 405కు పెరిగింది. ఇది మంచి మార్పే, నాకు దీని మీద ఏం అభ్యంతరం లేదు.

అభ్యంతరం పోల్చే కాడ ఉన్నది. 2011-12ల ఊరి ఖర్చు రూ.1,430, 2022-23ల రూ.3,773. ధరల పెరుగుదల తీసేస్తే రూ.2,008, అంటే పదకొండేండ్లల్ల 40 శాతం అసలు పెరుగుదల అన్నట్టు. ఇది చూసే నీతి ఆయోగ్ సీఈవో బి.వి.ఆర్. సుబ్రహ్మణ్యం 2024 ఫిబ్రవరిల దేశంల పేదరికం 5 శాతం కంటే తక్కువ ఉండొచ్చన్నరు. ఒకసారి పోయి అడిగిన లెక్కను, మూడుసార్లు పోయి అడిగిన లెక్కను పక్కపక్కన పెట్టిన పోలిక ఇది. ఆ 40 శాతంల నిజంగ తిన్నది ఎంత, మంచిగ అడిగినందుకు బయటపడ్డది ఎంత? పద్ధతి మారింది కాబట్టి పోలిక కాడ జాగ్రత్త అని సర్వే చేసిన శాఖనే తన నివేదికల రాసింది. ఉపన్యాసాలల్ల ఆ ముక్క ఎవరూ చదవరు.

నడుమ ఒక సర్వే ఉండేది. 2017-18ల చేసిన్రు. నాణ్యత బాగలేదని 2019 నవంబర్​ల కేంద్రం దాన్ని బయటపెట్టకుండ పక్కకు పెట్టింది. అంతలనే పత్రికల్ల వచ్చిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి అసలు ఖర్చు 2011-12 కంటే 3.7 శాతం తగ్గింది. అది తప్పుడు లెక్కనే అయి ఉండొచ్చు. తప్పైతే తప్పు ఎక్కడుందో చూపించి బయటపెట్టాలె గానీ దాచిపెడితే ఎట్ల? దానివల్ల పదకొండేండ్లు దేశానికి తన వంటింటి ముచ్చట తెల్వకుండ పోయింది.

తెల్వకపోతే ఏమైతదని అడగొచ్చు. 2013 ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంల ఎంతమందికి రేషన్ అనేది అప్పటి ప్రణాళికా సంఘం 2011-12 సర్వే చూసే ఖరారు చేసింది. ఖర్చు ఎక్కువ కనపడ్డ రాష్ట్రాలకు వాటా తక్కువ వచ్చింది. మన దిక్కు కేంద్రం లెక్కకు అందని కుటుంబాలకు రాష్ట్రమే తన పైసలతోటి కార్డులిచ్చుకోవాల్సి వస్తున్నది. ఉపాధి హామీ కూలి రేటును ఏటా పెంచేందుకు చూసిన వ్యవసాయ కూలీల ధరల సూచీ కథ ఇంకా అన్యాయం. ఏ సరుకుకు ఎంత బరువు అనేది అందుల 1983 సర్వే నుంచి తీసుకున్నరు. తిండికే దాదాపు 69 శాతం బరువు. సెల్​ఫోన్ పుట్టక ముందటి సంసారం అది. దవాఖాన, చదువు, బస్సు కిరాయి ఎంత పెరిగినా, తిండి ధరలు నిలకడగ ఉంటే కూలి పెద్దగ పెరగకపోయేది. ఆ సూచీని మార్చింది 2025ల. కొత్తదానికి ఆధారం మళ్ల 2011-12 సర్వేనే.

రేషన్ బియ్యానికి ఏ ధర కట్టాలె?

పాత సర్వేలల్ల ఉచితంగ వచ్చిన రేషన్ బియ్యం విలువ ఖర్చుల పెద్దగ కనపడకపోయేది. ఇప్పుడు ఉచితంగ ఎంత వచ్చిందో విడిగ రాసుకుని, దుకాణం ధర కట్టి ఇంకో లెక్క కూడ ఇస్తున్నరు. బియ్యం, గోధుమలే కాదు, సర్కారిచ్చిన సైకిల్, లాప్​టాప్, బడి బట్టలు కూడ ఇందుల వస్తయి. అట్ల కలిపితే 2023-24ల దేశంల ఊరి ఖర్చు రూ.4,122 నుంచి రూ.4,247 అయింది.

ఎక్కువమంది కొన్న ధరే కట్టాల్నా, కింది పావు వంతు కాడి ధర కట్టాల్నా అని రెండు తీర్లు పెట్టుకున్నరు. మన కాడ ఇది ఎంత తేడా తెస్తదో చూడుండ్రి. 2025 ఉగాది దాక కార్డుల మీద వచ్చింది దొడ్డు బియ్యం. చానా ఇండ్లల్ల అది వండుకునేటోళ్లు కాదు, ఇడ్లీలకో, కోళ్లకో వాడేది, లేకుంటే తక్కువ ధరకు అమ్ముకునేది. దానికి దుకాణంల మంచి బియ్యం ధర కడితే ఆ ఇంటికి రాని లాభం రాసినట్టే. ఉగాది నుంచి సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు వస్తున్నయి, ఇంట్లనే వండుకుంటున్నరు. ఇప్పుడు తక్కువ ధర కడితే ఆ ఇంటికి దక్కిన మేలు దాచినట్టే. ఒకే రేషన్ దుకాణం, ఒకే కార్డు, అయినా ధర కట్టే తీరుతోటి రెండు వేరే బతుకులు కనపడ్తయి.

పైగ 'రేషన్ బియ్యం తింటున్నరా, అమ్ముతున్నరా' అని సర్కారు మనిషి అడిగితే నిజం చెప్పేదెవరు? తెలంగాణల సర్వే అంటే జనానికి గుర్తొచ్చేది 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వే. ఆ రోజు పేరు రాయించుకోకపోతే పథకాలు రావేమోనని ఎక్కడెక్కడి నుంచో బస్సులు, రైళ్లు పట్టుకుని ఊర్లకు వచ్చిన్రు. సర్వే అంటే పథకం అనే ఆశ ఉన్నకాడ ఖర్చు తగ్గించి చెప్తరు. కార్డు పోతదనే భయం ఉన్నకాడ కూడ అంతే. ఇటు గేటెడ్ కమ్యూనిటీలల్ల వాచ్​మన్ గేటు కూడ తియ్యడు. పట్నాలల్ల కారున్న ఇండ్లు, ఊర్లల్ల భూమి ఎక్కువున్న ఇండ్లు తప్పిపోకుండ విడిగ ఎంచుకుంటున్నరు గానీ, తలుపు తియ్యని ఇంటి ఖర్చును ఏ పద్ధతీ రాయలేదు. 2023-24ల ఊర్లల్ల అసమానతను చెప్పే గినీ అంకె 0.266 నుంచి 0.237కు తగ్గిందని వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ గేట్లే.

ఇండ్ల సర్వేల వచ్చే మొత్తాన్ని, ఉత్పత్తి, అమ్మకాల నుంచి జాతీయ ఖాతాలల్ల కట్టే మొత్తంతోటి పోలిస్తే 2011-12 నాటికే సర్వేల దొరికింది సగం దగ్గర. మిగిలిన సగం మొత్తం దాచిందే అనలేం, రెండు లెక్కల తీరు వేరు. అయినా అంత తేడా ఉన్నప్పుడు మేలుకోవాలె.

పద్ధతి మార్చిన ప్రతిసారి కొన్ని వేల ఇండ్లల్లనైనా పాత పద్ధతిల కూడ అడగాలె, ఆ రెండు అంకెలను ఒకే రోజు బయటపెట్టాలె. కొన్ని ఇండ్లల్ల ఇంట్లోళ్లందరికీ డైరీలిచ్చి, తూకమేసి సరిచూసుకోవాలె. డెబ్బై ఏండ్ల కింద బెంగాల్​ల త్రాసు పట్టుకుని పోయినోళ్లకు చేతనైంది ఇప్పుడు ట్యాబ్​లున్నోళ్లకు ఎందుకు చేతకాదు? రోజుకు ఇన్ని ఇండ్లు అని గురి పెట్టి తోలకుండ, తిరిగే పిల్లలకు జీతం, టైము సరిగ ఇయ్యాలె. వాళ్లల్ల చానామంది కాంట్రాక్టు మీద చేసేటోళ్లే.

మన వైపు పని కూడ ఉంది. ట్యాబ్ పట్టుకుని మీ ఇంటికి ఎవరైనా వస్తే ముందుగాల గుర్తింపు కార్డు అడగండి. 2008 గణాంక సేకరణ చట్టం ప్రకారం మీ ఇంటి వివరాలు గోప్యంగ ఉంచాలె, దాన్ని చూసి రేషన్ కార్డు తియ్యరు. అది తెలుసుకున్నంక ఇంట్ల వండేటోళ్లను, బయట తినేటోళ్లను ఇద్దరినీ కూసోబెట్టండి. కల్లు పైసలు కూడ చెప్పండి.